గద్దె కూలిన చోట ప్రమాదాన్ని కొలిచేదెలా?

2003 ఏప్రిల్ 9వ తేదీ చేవెళ్ల వారికి బాగా గుర్తున్న రోజు. నాటి ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను ఆ రోజే చేవెళ్ల నుంచి మొదలుపెట్టారు. సరిగ్గా అదే రోజు ఎక్కడో వేల మైళ్ల దూరంలో బాగ్దాద్ నగరం అమెరికా సేనల వశమైంది. ఫిర్దౌస్ కూడలిలో సద్దాం హుస్సేన్ విగ్రహాన్ని పడగొట్టడం ప్రపంచమంతా టీవీలో చూసింది. ఇరవై నాలుగేళ్ల పాలన ఒక్క పూటలో ముగిసింది.

ఆ విగ్రహం పడిన మరునాటి నుంచే ఒక ప్రశ్న మొదలైంది. ఆ దేశం నుంచి ఇక ఎవరికి ఎంత ప్రమాదం? కూలిన ప్రభుత్వపు తుపాకులు ఎవరి చేతికి పోతాయి? జీతం లేని సైనికుడు ఏం చేస్తాడు? ఉగ్రవాదం పెరుగుతుందా, తగ్గుతుందా? 2011లో లిబియా, 2021లో అఫ్ఘానిస్తాన్, 2024లో సిరియా విషయంలోనూ ఇవే ప్రశ్నలు తలెత్తాయి. ప్రతిసారీ ఆ ప్రశ్నల నీడ ఆ దేశాల సరిహద్దులు దాటి, ఆ దేశంతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాల మీద కూడా పడింది.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం బాగ్దాద్ దాకా పోనవసరం లేదు. చేవెళ్ల, మొయినాబాద్ నేలే ఒకప్పుడు అటువంటి పతనాన్ని కళ్లారా చూసింది. అది 1948 సెప్టెంబరు.

మన నేల చూసిన పతనం

నేటి రంగారెడ్డి జిల్లాలోని ఈ ప్రాంతం ఆ రోజుల్లో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కిందికి వచ్చేది. అంటే నగరం చుట్టుపక్కల ప్రాంతమని అర్థం. ఇది నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా. నగరానికి తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఈ వైపే ఉన్నాయి. చేవెళ్ల నుంచి ఇంకా పడమటికి సాగితే వచ్చే తాండూరు, కొడంగల్ తాలూకాలు అప్పట్లో గుల్బర్గా జిల్లాలో ఉండేవి. ఈ చిన్న వివరం పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత జరిగిన ఘోరంలో గుల్బర్గా పేరు ముందు వరసలో వస్తుంది.

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వం భారత ప్రభుత్వంతో ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక చేసుకుంది. ఆ ఏడాది నిండకుండానే పరిస్థితి చెయ్యిదాటింది. లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దళాలు ఊళ్ల మీద పడి దోపిడీలు, హత్యలు సాగించాయి. ఇది కల్పన కాదు, కోర్టులలో రుజువైన సంగతి. ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేస్తున్నాడన్నది కూడా నిజమే. నిజాం సైన్యం ఇరవై వేల పైచిలుకు, రజాకార్లు రెండు లక్షలు అనే లెక్కలు ప్రచారంలో ఉండేవి. హైదరాబాద్ మీదికి సైన్యం కదిలితే నెలల తరబడి యుద్ధం జరుగుతుందని, దేశంలో ఇతర ప్రాంతాల ముస్లింలు కూడా అల్లర్లకు దిగుతారని కొందరు భయపడ్డారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17వ తేదీ సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయారు. మొత్తం అయిదు రోజులు. దేశంలో మరెక్కడా ముస్లింలు తిరగబడలేదు. రెండు లక్షల దళమని పేరు పడినది కొద్ది రోజుల్లో చెదిరిపోయింది. అడవుల్లో చేరి గెరిల్లా యుద్ధం చేసిన రజాకార్ల సైన్యం ఏదీ లేదు.

భయం ఒక వైపు, చావు మరో వైపు

ఇక్కడే మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఉంది. అధికారుల చూపంతా ఓడిపోయిన వారి ప్రతీకారం మీద ఉండగా, ప్రాణాలు పోయింది మాత్రం ఓడిపోయిన వారి మతానికి చెందిన సామాన్యులవి.

పోలీస్ యాక్షన్ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన దాడుల గురించి విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో రాష్ట్రంలో పర్యటించింది. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిని ఆ బృందం చూసింది. మొత్తం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిందని తెలిపింది. రజాకార్ల దురాగతాలను కూడా ఆ నివేదిక దాచలేదు. హిందువులు తమ పొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన సంఘటనలనూ నమోదు చేసింది. కాని ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో దానిని చూసే అవకాశం కలగలేదు.

మరో సంగతి కూడా గమనించాలి. పాత ప్రభుత్వం కూలిన తర్వాత కూడా నల్గొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటం ఆగలేదు. అది కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగినది. 1951 అక్టోబరులో దాన్ని విరమించే వరకు మూడేళ్ల పాటు ప్రభుత్వ సైన్యానికి పని కల్పించింది రజాకార్లు కారు. అంటే ఏమిటి? గద్దె కూలిన చోట తుపాకీ ఎవరి చేతిలో మిగిలి ఉంటుందన్నది ఓడిన రాజు మతాన్ని బట్టి తెలిసే విషయం కాదు.

రజాకారు ఎవరు?

పతనం తర్వాత సైనిక ప్రభుత్వం ముందున్న అతి కష్టమైన పని మనుషులను వేరుచేయడం. రజాకారు అనే మాటకు అర్థం స్వచ్ఛంద సేవకుడని. ఆ పేరుతో హత్యలు చేసిన వాడు ఉన్నాడు. బలవంతం మీద చందా ఇచ్చిన వాడు ఉన్నాడు. రెండు రోజులు కవాతులో నిలబడి ఇంటికి వచ్చేసిన కుర్రవాడూ ఉన్నాడు. వేల మందిని నిర్బంధించారు. తీవ్రమైన ఆరోపణలున్న వారిని ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు నిలబెట్టారు. మిగతా వారిని విడతలు విడతలుగా వదిలారు. వదిలే లోపల ఎన్నో ఇళ్లలో సంపాదించే చెయ్యి లేకుండా పోయింది. కొలువులు పోయిన వారు, సైన్యం నుంచి తీసివేయబడిన వారు, జిల్లాల నుంచి నగరానికి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన వారు ఆ రోజుల్లో హైదరాబాద్ వీధుల్లో కనబడేవారు.

పరదేశీయుల సంగతి ఇంకా చిక్కు. నిజాం కొలువులో తరతరాలుగా పనిచేసిన అరబ్బులు ఉండేవారు. వారి పూర్వులు హద్రమౌత్ నుంచి వచ్చినవారు. పఠాన్లు ఉండేవారు. ఆయుధం పట్టిన జాతులని వీరిలో చాలామందిని నిర్బంధించారు, కొందరిని ఓడల మీద పంపించివేశారు. కాని తాత హద్రమౌత్‌లో పుట్టి, తల్లి హైదరాబాద్‌లో పుట్టి, తాను ఇక్కడే పెరిగిన వాడు ఏ దేశస్థుడు? చాలామంది ఇక్కడే ఉండిపోయారు. నగరంలోని బార్కస్ బస్తీ వారి వంశీకులతో నేటికీ కళకళలాడుతోంది. వారు చేసిన నేరం ఏమీ లేకపోయినా, వారి పూర్వుల ఊరి పేరే ఒకనాడు ఆరోపణగా మారింది.

ఆ కాలంలో ఎవరు ఏ పక్షాన నిలిచారో ఒకసారి చూస్తే, పేరును బట్టి మనిషిని కొలవడం ఎంత పొరపాటో తెలుస్తుంది. రజాకార్లను కలంతో ఎదిరించిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఆయనను చేయి నరికి చంపారు. భారత దేశంలో చేరడమే మేలని బహిరంగంగా ప్రకటన చేసిన వారిలో ఫరీద్ మీర్జా ఒకరు. ఆయన తహసీల్దారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మరీ రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండించారు. నిజాం మీద, జమీందార్ల మీద పోరాడిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. మరో పక్క చూస్తే, చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధాని పింగళి వెంకటరమణారెడ్డి. ఐక్యరాజ్య సమితికి నిజాం పంపిన బృందంలో దళిత నాయకుడు శ్యాంసుందర్ ఉన్నారు. రైతులను పీడించి నిజాం పాలనకు అండగా నిలిచిన దేశ్‌ముఖ్‌లలో హిందువులు కొల్లలు.

మొయినాబాద్ మండలం పెద్దమంగళారం గ్రామానికి చెందిన కొండా వెంకట రంగారెడ్డి ఈ గడ్డ బిడ్డే. ఆయన వకీలు. ఆనాటి కోర్టుల భాష ఉర్దూ. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. నిజాం ఏలుబడిలో చదివి, నిజాం కోర్టుల్లో వాదించి, నిజాం పాలనను ఎదిరించిన మనిషి ఆయన. ఒకే గడ్డ, ఒకే పాలన, ఒకే కోర్టు భాష. అయినా మనుషులు ఎవరి దారి వారు ఎంచుకున్నారు. కనుక లెక్క చూడవలసింది మనిషి ఎంచుకున్న దారిని.

ఇక అసలు నేరస్థుల సంగతి. కాశిం రజ్వీ అరెస్టయ్యాడు. బీబీనగర్ దోపిడీ కేసులో విచారణ జరిగి శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరుకున్నారు. నాయకులకు వెళ్లడానికి ఒక దేశం దొరికింది. వారి మాట విని గానీ వినకుండా గానీ ఊళ్లలో ఉండిపోయిన దూదేకుల వాడికి, దర్జీకి, టాంగా తోలేవాడికి, కౌలు రైతుకు ఈ ఊరే దిక్కు. వారు ఇక్కడే ఉండి మళ్లీ బతుకు కట్టుకున్నారు.

మరి 1948 తర్వాత ఇక్కడ ఉగ్రవాదం ఎందుకు పుట్టలేదు? కష్టం లేక కాదు. దానికి కొన్ని కారణాలు కనిపిస్తాయి. కాల్పులు ఆపమని పాత పాలకుడే స్వయంగా చెప్పాడు. ఆయనను అవమానించి వెళ్లగొట్టకుండా 1950 జనవరి 26 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉంచారు. ఖాళీ అయిన కుర్చీలో నాటికి నాడే ఒక ప్రభుత్వం కూర్చుంది. మూడున్నరేళ్లు తిరగకముందే 1952లో ఎన్నికలు వచ్చాయి. తుపాకీ లేకుండా తన మాట చెప్పుకోవడానికి ఒక దారి దొరికింది. ఊళ్లో పీర్ల పండుగకు కలిసి నడిచిన పొరుగువారు మిగిలారు. గాయం పెద్దదే. కాని గాయపడిన వాడిని పూర్తిగా గోడకు నొక్కివేయలేదు.

బాగ్దాద్‌లో తిరగబడిన లెక్క

ఇప్పుడు బాగ్దాద్ వైపు చూద్దాం. యుద్ధానికి ముందు చెప్పిన ప్రమాదం ఏమిటి? సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని, అల్ ఖైదాతో సంబంధాలున్నాయని. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో ఈ మాటలే చెప్పారు. 2004లో అమెరికా నియమించిన బృందమే ఆ ఆయుధాల నిల్వలు లేవని తేల్చింది. అల్ ఖైదాతో కలిసి పనిచేసిన సంబంధం కనిపించలేదని సెప్టెంబరు 11 దాడులపై విచారించిన కమిషన్ అదే ఏడాది తెలిపింది.

లేని ప్రమాదాన్ని ఉన్నదన్నారు. అంతటితో ఆగలేదు. ఉన్న ప్రమాదాన్ని చేజేతులా పెంచారు. 2003 మే నెలలో ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులు జారీచేశారు. మొదటిది, బాత్ పార్టీ పై శ్రేణుల వారందరినీ ఉద్యోగాల నుంచి తొలగించడం. రెండోది, ఇరాక్ సైన్యాన్ని మొత్తంగా రద్దు చేయడం. ఆయుధం వాడడం తెలిసిన లక్షల మంది ఒక్క సంతకంతో వీధిన పడ్డారు. బడిపంతులు ఉద్యోగం కోసం పార్టీలో చేరిన వాడూ, హింసలు పెట్టిన వాడూ ఒకే గాటన కట్టబడ్డారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

మరో పక్క ఆయుధాగారాలకు కాపలా లేదు. బాగ్దాద్ దగ్గరి అల్ ఖాఖా గిడ్డంగి నుంచి 300 టన్నులకు పైగా పేలుడు పదార్థాలు మాయమయ్యాయని 2004లో బయటపడింది. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐక్యరాజ్య సమితి కార్యాలయాన్ని పేల్చివేసి 22 మందిని బలిగొన్నారు. ఆ తర్వాత మసీదులు, దర్గాలు, సంతలు దేనినీ వదల్లేదు. చనిపోయిన వారిలో అత్యధికులు ఇరాకీ ముస్లింలే. 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని పట్టుకున్న ఐసిస్ ముఠా నిర్మాణంలో పాత ఇరాక్ సైన్యపు అధికారులు కీలక పాత్ర వహించారు. పదకొండేళ్ల కింద జీతం ఆపిన సంతకం అక్కడ దాకా వచ్చింది.

లిబియా, కాబూల్, డమాస్కస్

లిబియాలో 2011లో గద్దాఫీ పాలన కూలింది. ఆయుధాగారాలు కొల్లగొట్టబడ్డాయి. ఆ తుపాకులు ఎడారి దాటి 2012లో మాలీ దేశపు తిరుగుబాటుకు బలం చేకూర్చాయి. ఆ ప్రమాదం మన తెలుగువారికి కూడా తగిలింది. 2015 జూలైలో సిర్త్ నగరంలో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులను ఎత్తుకుపోయారు. ఇద్దరిని రెండు రోజుల్లో వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగువారు, ఒకరు ఆంధ్రప్రదేశ్ వారు, ఒకరు తెలంగాణ వారు. 2016 సెప్టెంబరులో గాని వారికి విముక్తి కలగలేదు. ఏడాదికి పైగా ఆ కుటుంబాలు అనుభవించిన నరకం ఎంతటిదో ఊహించుకోవచ్చు. పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్లిన వారికి జరిగింది ఇది.

2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. పదకొండు రోజులకు విమానాశ్రయం దగ్గర ఆత్మాహుతి దాడి జరిగి, 13 మంది అమెరికా సైనికులు, వంద మందికి పైగా అఫ్ఘాన్లు చనిపోయారు. ప్రమాదం నిజమైనదే. కాని దాని తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆగస్టు 29న ఒక తెల్ల కారును అనుమానించి అమెరికా డ్రోన్‌తో దాడి చేసింది. అందులో పేలుడు పదార్థాలున్నాయని అనుకున్నారు. చనిపోయింది సహాయ సంస్థలో పనిచేసే ఒక ఉద్యోగి, ఆయన కుటుంబీకులు. మొత్తం పదిమంది, వారిలో ఏడుగురు పిల్లలు. పేలుడు పదార్థాలనుకున్నవి నీళ్ల డబ్బాలు. అది ఘోరమైన పొరపాటని సెప్టెంబరు 17న అమెరికా సైన్యమే ఒప్పుకుంది. భయంతో వేసే అంచనా నీళ్ల డబ్బాను కూడా బాంబుగా చూపిస్తుంది.

2024 డిసెంబరు 8న డమాస్కస్‌లో బషర్ అల్ అసద్ పాలన ముగిసింది. అధికారంలోకి వచ్చిన అహ్మద్ అల్ షరా ఒకప్పుడు అల్ ఖైదా శాఖకు నాయకుడు. ఆ చరిత్రను బట్టి ప్రపంచం ఆయనను అనుమానంతో చూసింది, తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. అయితే 2025 మార్చిలో సముద్ర తీర ప్రాంతంలో అలవీ వర్గం వారిని పెద్ద ఎత్తున చంపారు. పాత పాలకుడు తమ వర్గం వాడు కావడమే వారిలో అనేకుల పాపం. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. 1948లో గుల్బర్గా, ఉస్మానాబాద్ పల్లెల్లో జరిగినదానికి దీనికి పోలిక చెప్పనవసరం లేదు. అక్కడ చంపబడిన వారు ముస్లింలు, ఇక్కడ చంపిన వారిలో ముస్లింలు. అన్యాయం స్వరూపం మాత్రం ఒక్కటే.

అంచనాకు అయిదు ప్రశ్నలు

ఈ అనుభవాలన్నిటి నుంచి ఏ దేశానికైనా పనికివచ్చే కొన్ని ప్రశ్నలు తేలుతాయి. రేపు మరో గద్దె కూలినప్పుడు, పత్రికలో గానీ టీవీలో గానీ ప్రమాదం గురించి వార్త వచ్చినప్పుడు మనం ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఆయుధాలు ఎక్కడున్నాయి? కాపలా ఉందా? లిబియా, ఇరాక్‌లలో అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

రెండోది, ఆయుధం పట్టడం తెలిసిన వాడికి రేపటి కూడు ఉందా? ఉద్యోగం, పింఛను, గౌరవం ఏదీ లేని సైనికుణ్ణి ఎవరో ఒకరు చేరదీస్తారు.

మూడోది, కుర్చీ ఖాళీగా ఉందా, నిండిందా? పాలన లేని ప్రతి రోజూ ముఠాలకు ఒక బహుమతి.

నాలుగోది, ప్రతీకార దాడి ఎవరి మీద జరగబోతోంది? ఓడిన వాడు ఏం చేస్తాడని అందరూ చూస్తారు. ఓడిన వాడి వర్గంలోని నిరపరాధికి ఏమవుతుందని చూసేవారు తక్కువ. 1948లో జరిగిన పెద్ద లోపం ఇదే.

అయిదోది, ఈ ప్రమాదం గురించి చెబుతున్నది ఎవరు? దాని వల్ల వారికి లాభమేమిటి? వార్త తెచ్చిన వాడెవడో చూసి, విచారించి, ఆ తర్వాతే అడుగు వేయమన్న బోధ మనకు కొత్త కాదు. దానిని పాటించడమే కష్టంగా ఉంది.

ఉద్దేశం వేరు, శక్తి వేరు, అవకాశం వేరు. రజ్వీకి ఉద్దేశం ఉంది, శక్తి మాత్రం ఆయన ఉపన్యాసాల్లో ఉన్నంత లేదు. సద్దాంకు అమెరికా మీద ద్వేషం ఉంది, చెప్పినన్ని ఆయుధాలు లేవు. ద్వేషాన్ని చూసి శక్తిని ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. అలాగే శక్తి లేదు కదా అని ద్వేషాన్ని పెరగనిస్తే కూడా ఒకనాటికి లెక్క తప్పుతుంది.

మన ఇళ్లలో చేయదగినది

దేశాల మధ్య వ్యవహారాలను మనం శాసించలేము. కాని మన ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి.

మన బంధువర్గాల్లో గల్ఫ్‌లో ఎవరూ లేనివారు అరుదు. ప్రభుత్వం కూలిన, అంతర్యుద్ధం సాగుతున్న దేశాలలో జీతం ఎక్కువ ఆశ చూపుతారు. 2014లో మోసుల్ దగ్గర ఐసిస్ చేతికి చిక్కిన 39 మంది భారతీయ కూలీలు చనిపోయారని 2018లో గాని తేలలేదు. కనుక అటువంటి దేశానికి పంపే ముందు ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో విచారించండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న వాడిని దగ్గరికి రానివ్వకండి. వెళ్లిన వారి పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్లు ఇంట్లో ఒకటి ఉంచుకోండి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. ఆపద వచ్చాక ఈ కాగితాలే మొదట అడుగుతారు.

సెల్‌ఫోన్లో వచ్చే ప్రతి వీడియోను ఇతరులకు పంపకండి. ఎక్కడో పాతకాలపు దృశ్యాన్ని నిన్న జరిగినట్టు చూపిస్తారు. ఆవేశంతో మన యువకుడు పంపిన ఒక్క సందేశం అతని చదువుకు, ఉద్యోగానికి అడ్డుగోడ కావచ్చు. అన్యాయానికి గురైన ప్రజల కోసం బాధపడటం మనిషి లక్షణం. ఆ బాధను ఆసరా చేసుకుని కొత్తవాడు ఫోన్లో స్నేహం కలిపి, రహస్యంగా మాట్లాడదామంటే అక్కడే ఆగాలి. ఇంట్లో తల్లిదండ్రులతో చెప్పుకోగలిగిన వాతావరణం ఉంటే పిల్లలు అటువంటి వలలో పడరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మన పిల్లలకు 1948ని పూర్తిగా చెప్పడం. రజాకార్లు చేసిన అఘాయిత్యాలను దాచి మన కష్టాలే చెబితే వారు సగమే తెలుసుకుంటారు. మన కష్టాలను దాచి రజాకార్ల కథే చెప్పేవారు చెప్పేదీ సగమే. చేవెళ్ల, మొయినాబాద్ గ్రామాలలో ఆ రోజులను ఎరిగిన పెద్దలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేంత మంది మిగిలారు. వారు తమ వయసును కూడా పోలీస్ యాక్షన్ నాటికి ఇంత అని లెక్కగట్టి చెబుతారు. ఎవరు ఎవరిని దాచారు, ఎవరు ఎవరిని అప్పగించారు, ఏ రాత్రి ఎవరి ఇంటి తలుపు తెరుచుకుంది అన్నది వారికే తెలుసు. మనుమలు కాగితం, కలం తీసుకుని వారి పక్కన కూర్చుని రాసుకోవాలి. హిందువులైనా, ముస్లింలైనా ఆ పెద్దలందరి మాటా రాసుకోవాలి.

ప్రభుత్వాలు కూలుతాయి, కొత్తవి వస్తాయి. పాత ప్రభుత్వం పేరుతో ఎవరో చేసిన నేరానికి, ఆ నేరం చేయని వాడిని జవాబు అడిగే అలవాటు మాత్రం ఇంకా కూలలేదు. ఆ అలవాటును కూల్చడం ఏ సైన్యం వల్లా అయ్యే పని కాదు. నేరం చేసిన వాడు మనవాడైనా వదలరాదు, చేయని వాడు పరాయివాడైనా పట్టరాదు అనే తూకం ప్రతి ఇంట్లో, ప్రతి ఊళ్లో, ప్రతి కచేరీలో నిలిచినప్పుడే అది సాధ్యం.